క్రొత్త బండి, పాత మౌనము

సొమ్ము పెట్టి కొన్న వస్తువు చెడ్డదైనపుడు చెడ్డదని చెప్పుట కలహము కాదు. చెప్పక దాచుట మర్యాదయు కాదు. మన రాయగడ తెలుగు కుటుంబములలో ఈ రెండు మాటలు తలక్రిందులై కూర్చున్నవి. చెప్పినవానిని జగడగొండి యనుచున్నాము, దాచినవానిని పెద్దమనిషి యనుచున్నాము. ఈ విపరీతము మీదనే ఈ వారము మా మాట. కొందరు పెద్దలకు ఇది రుచింపకపోవచ్చును. రుచింపకున్నను తుదివరకు చదువ ప్రార్థన.

విషయ మేమన, మన వారిలో ఒక కుటుంబము గత వేసవిలో మోటారు కారవాన్ ఒకటి కొన్నది. కారవాన్ అనగా ఇల్లును బండిని ఒక్కటిగా చేసిన వాహనము. పరుపులు, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి, ఏసీ అన్నియు లోపలనే యుండును. మన తాతల నాటి గూడుబండికి ఇది మనుమరాలు. 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యాను నొకదానిని మార్పించి చైతన్యరథ మని పేరుపెట్టి ఊరూర తిరిగిన నాటినుండియు ఇట్టి బండి తెలుగువారి కన్నులకు క్రొత్త గాదు. క్రొత్త యేమన, నేడు మధ్యతరగతి వర్తకులు సైతము దానిని కొనుటకు సాహసించుచున్నారు.

ఆ కుటుంబము దానిని విలాసమునకై కొనలేదు. ఇంట వృద్ధురాలైన తల్లి కలదు. ఆమె మోకాళ్ళు బస్సు మెట్టు ఎక్కనీయవు, రైలుపెట్టెలో రాత్రివేళ లేచి నడువనీయవు. పూరీ, సింహాచలము, అన్నవరము, చివరకు కాశి చూపింపవలెనని ఇరువురు కొడుకులు కలిసి ఇంటిస్థల మొకటి అమ్మి, మిగిలినది బ్యాంకు అప్పు తెచ్చి, ఏబది లక్షలకు కొంచెము తక్కువగా చెల్లించి బండి తెచ్చిరి. మజ్జిగౌరమ్మ గుడివద్ద పూజ చేయించి చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి నడిపించిరి. ఊరంతయు చూచి సంతోషించినది.

ఆషాఢములో మొదటి పెద్దవాన కురిసినది. పైకప్పుమీద ఏసీ బిగించిన చోటినుండి నీరు ధారగా దిగి తల్లి పడుకొను పరుపుమీద పడినది. పక్షము తిరుగకముందే గోడలోని ప్లైవుడ్డు ఉబ్బినది. బ్యాటరీలు రాత్రి తొమ్మిదింటికి నిండుగా నుండి తెల్లవారునప్పటికి ఖాళీ యగుచున్నవి. నీళ్ళ ట్యాంకు అతుకువద్ద చెమర్చుచున్నది. ఎండవేళ తలుపు బిగుసుకొని లోపలినుండి తెరచుకొనదు. లక్ష్మీపురము ఘాటు మలుపులలో బండి ఒకప్రక్కకు ఒరుగుచున్నదని డ్రైవరు భయపడుచున్నాడు. మూడుమారులు బండిని కట్టినవారి షెడ్డుకు తీసికొనిపోయిరి. మూడుమారులును సిలికాన్ పూత పూసి పంపిరి. మూడుమారులును వాన ఆ పూతను కడిగివేసినది. తల్లి యింకను పూరీ చూడలేదు.

ఇందు బాధ్యు లెవరు? ఇచ్చటనే అసలు తమాషా కలదు. మన దేశమున ఇట్టి బండ్లలో పెక్కింటిని ఒక్కరే తయారుచేయరు. ఇంజనును ఛాసిస్‌ను ఒక కంపెనీ యిచ్చును. దానిమీద బాడీని మరియొకరు కట్టుదురు. ఏసీ ఒకరిది, బ్యాటరీ, ఇన్వర్టరు మరియొకరివి. అమ్మువాడు వేరొకడు. ఎవరి వారంటీ కాగితము వారిదే. కురిసిన నీటిని గూర్చి అడిగినచో ఛాసిస్ కంపెనీవారు బాడీ మాది కాదందురు. బాడీ కట్టినవారు ఏసీ మాది కాదందురు. ఏసీవారు రంధ్రము కోసినది మేము కామందురు. అమ్మినవారు కోరాపుట్ రోడ్లు మంచివి కావందురు. నలుగురును నాలుగు నిజములు చెప్పినట్లే యుండును, తడిసిన పరుపు మాత్రము తడిసినట్లే యుండును.

రోడ్ల సంగతి వచ్చినది గనుక ఒక ప్రశ్న. అమ్మునాడు కొండ లెక్కును, అడవులు దాటును, దేశమంతయు తిరుగు నని బొమ్మల పుస్తకము చూపి అమ్మినవారు, చెడినపుడు రోడ్డును నిందించుట యేమి న్యాయము? ఇంటి గుమ్మములో నిలిపియుంచిన బండిలోనికి వాన దిగినది. నిలిచిన బండికి రోడ్డుతో నేమి పని?

ఇంతవరకు అమ్మినవారి తప్పు. ఇక మన తప్పు చెప్పవలసియున్నది. ఆ సోదరులు దీనిని వ్రాతపూర్వకముగా అడుగుదమని తలచి పెద్దలను సంప్రదించిరి. పెద్దలు నాలుగు మాటలు చెప్పి వారి నోరు మూయించిరి. ఆ నాలుగు మాటలును మన యిండ్లలో నిత్యము వినబడునవే. ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెదము.

మొదటిది పరువు. ఏబది లక్షలు పెట్టి మోసపోతిమని నలుగురికి తెలిసినచో నవ్వులపాలగుదు మందురు. అయ్యా, నవ్వు ఎవరిమీద రావలెను? కురియు ఇల్లు కట్టిన మేస్త్రీమీదనా, అందులో తడిసిన ముసలమ్మమీదనా? అమెరికాలో క్రొత్తదై యుండియు పదేపదే చెడు బండిని నిమ్మకాయ యని పిలుతురు. మనము దిష్టి తగులకుండ చక్రముక్రింద పెట్టు నిమ్మకాయ వారికి బండి పేరే యైనది. 1982లో కనెక్టికట్ రాష్ట్రమువారు మొదలుపెట్టగా అక్కడి రాష్ట్రములన్నియు నిమ్మకాయ చట్టములు చేసికొనినవి. అందును అనేక రాష్ట్రములలో మోటారు ఇంటికి ఇంజను, ఛాసిస్ భాగములే ఆ చట్టము క్రిందికి వచ్చును గాని లోపలి నివాసభాగము రాదు. కురియు కప్పు, చెడిన ట్యాంకు అక్కడివారిని సైతము ఏడ్పించుచునే యున్నవి. కనుక ఇది రాయగడ వానికి మాత్రమే పట్టిన దరిద్రము కాదు, తెలివితక్కువతనము అంతకన్న కాదు. వారు సిగ్గుపడలేదు, చట్టము చేసికొనిరి.

రెండవది బంధుత్వము. అమ్మినవాడు మనవాడే గదా, బావా, ఊరుకొనుము, పెండ్లిండ్లలో ముఖము ముఖము చూచుకొనవలదా అని యొకరు. వర్తకుడు వర్తకునిమీద వ్రాసినచో రేపు మన కొట్లమీదికిని జనము వచ్చునని మరియొకరు. మేమును కొట్టుమీద కూర్చుండువారమే. కనుక ఈ మాటకు గట్టిగా జవాబు చెప్పు హక్కు మాకు కలదు. బియ్యపు బస్తాలో రాళ్ళు వచ్చినచో బస్తా వెనుకకు తీసికొందుము. పప్పులో పురుగు కనబడినచో మారుమాటాడక మార్చి యిత్తుము. తూకము తగ్గినదని పిల్లవాడు వచ్చి చెప్పినను మరల తూచి చూపుదుము. అది దయ కాదు, వ్యాపారము. కిలో పప్పునకు చెల్లు న్యాయము ఏబది లక్షల బండికి చెల్లదా? సరకు చెడి కొన్నవాడు వచ్చినపుడు వరుసలు కలిపి మాట మార్చువాడు బంధువు కాడు. బంధుత్వమును మూతగా వాడుకొనువాడు. ముఖము చూపుటకు సిగ్గుపడవలసినవాడు అతడు.

ఇందులోనే యింకొక సలహా కూడ దాగియున్నది. పైన రంగు వేయించి, ఎండకాలములో దూరపు ఊరివాని కెవనికైన అమ్మివేసి చేతులు దులుపుకొను మని. ఈ మాట చెప్పినవారు పూజలు వ్రతములు చేయువారే యగుట మాకు ఆశ్చర్యము. తన తల్లి తడిసిన పరుపుమీద ఇంకొకరి తల్లిని పడుకొనబెట్టుట యేమి నేర్పు? న్యాయముగా అడుగుటకు సిగ్గు, అన్యాయముగా అంటగట్టుటకు సిగ్గులేదా?

మూడవది అన్నింటికన్న లోతైనది. మనము తెలుగువారము, ఇది ఒడిశా రాష్ట్రము, కార్యాలయములలో మన మాట చెల్లదు, మన మానాన మనము బ్రతుకుట మేలు అని. ఈ మాటలో ఒక చరిత్ర మరపు కలదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రముగా ఏర్పడువరకు జయపురము సంస్థానపు ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిది. పిమ్మట కోరాపుట్ జిల్లా యైనది. 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లా యైనది. మన తాతలలో పెక్కురు ఊరు మారలేదు, జిల్లా మారినది. తరువాత వచ్చినవారు సైతము ఇక్కడనే పన్నులు కట్టిరి, ఇక్కడనే ఓట్లు వేసిరి, ఇక్కడి ఒడియా సోదరులతో, గిరిజన సోదరులతో కలిసి ఈ బజారును పెంచిరి. అతిథివలె ఒదిగి కూర్చుండవలసిన అగత్యము మనకు లేదు.

మరి భాష? రాజ్యాంగములోని 350వ అధికరణము స్పష్టముగా చెప్పుచున్నది. తన కష్టమును తీర్చుమని కేంద్రములోగాని రాష్ట్రములోగాని ఏ అధికారికైనను విన్నపము చేయు ప్రతి మనిషియు ఆ కేంద్రమున లేక ఆ రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను దానిని వ్రాయవచ్చును. రాయగడ బజారులో తెలుగు వాడుకలో లేదని ఎవరైన అనగలరా? కనుక కలెక్టరుగారికిగాని రవాణా అధికారికిగాని తెలుగున అర్జీ వ్రాయుట మన హక్కు. పని త్వరగా జరుగవలెనన్నచో ప్రక్కన ఒడియా లేక ఇంగ్లీషు అనువాదము జతపరచుట వివేకము. వినియోగదారుల కమిషనువద్ద మాత్రము అనువాదము తప్పక జతచేయుడని మా సలహా. మన పిల్లలు ఒడియా బడులలో చక్కగా చదువుకొన్నారు. నాయనమ్మ తెలుగున చెప్పినదానిని మనుమడు ఒడియాలో వ్రాయలేడా? భాష అడ్డమనుట నిన్నటి మాట. అది నేడు సాకు మాత్రమే.

నాలుగవది, కోర్టులు తేలవు, లాయర్లు తినివేయుదురు అని. ఇందులో కొంత నిజము కలదు, కాదనము. కాని ఏమి చట్టము కలదో తెలిసికొనకయే తేలదనుట దిగకముందే నాగావళి లోతని తీర్పు చెప్పుటవంటిది. తెలిసినంతవరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దానిని మార్చి 2019లో చేసిన క్రొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలులో నున్నది. ఈ క్రొత్త చట్టములో మనవంటి మారుమూల జిల్లావారికి ఒక గొప్ప మేలు కలదు. పూర్వము అమ్మినవాడున్న ఊరికో, వ్యవహారము నడచిన ఊరికో పోయి దావా వేయవలసియుండెను. ఇప్పుడు కొన్నవాడు తాను నివసించు చోటనే వేయవచ్చును. బండి విశాఖలో కొన్నను హైదరాబాదులో కొన్నను దావా రాయగడ జిల్లా కమిషనులోనే వేయవచ్చును. చెల్లించిన ధర ఏబది లక్షలకు మించనిచో జిల్లా కమిషను, అంతకుమించి రెండు కోట్లవరకు కటకములోని రాష్ట్ర కమిషను, దానికిని మించినచో ఢిల్లీలోని జాతీయ కమిషను. ధర ఇరువది లక్షలు దాటి ఏబది లక్షలలోపున నున్నపుడు కట్టవలసిన రుసుము ఒక వేయి రూపాయలు. బండికి మనము తగిలించిన పూలదండ, కొబ్బరికాయలు, మిఠాయిల ఖర్చుకన్న అది తక్కువ! లాయరును పెట్టుకొనక స్వయముగా వాదించుకొనవచ్చును. ఇంటినుండి కంప్యూటరు ద్వారా దాఖలు చేయు ఏర్పాటును కలదు.

లోపము ఋజువైనచో కమిషను లోపమును తీర్పుమనవచ్చును, బండి మార్పుమనవచ్చును, ధర వడ్డీతో తిరిగి యిమ్మనవచ్చును, నష్టపరిహారము కట్టుమనవచ్చును. పరీక్ష అవసరము లేని వ్యవహారమును ఎదుటివారికి నోటీసు అందిన మూడు నెలలలో, పరీక్ష అవసరమైన దానిని ఐదు నెలలలో తేల్చుటకు ప్రయత్నింపవలెనని చట్టము. ఆచరణలో అంతకన్న ఆలస్యమగుట అందరెరిగినదే. అయినను ఒక మాట మరువరాదు. కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోపుగా దావా వేయవలెను. మనము మర్యాదకై మౌనముగా కూర్చున్నంతకాలము ఆ గడియారము మర్యాద పాటింపదు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింపవచ్చును గాని, బావమరిది వద్దన్నాడనుట తగిన కారణము కాజాలదు.

సుప్రీంకోర్టు తీర్పులు రెండువైపుల కలవు. 2006లో మారుతి కంపెనీ వ్యవహారమున, చెడిన భాగమును మార్చుటే వారంటీ షరతైనపుడు మొత్తము కారును మార్పుమనరాదని తీర్పు చెప్పిరి. కనుక ప్రతి చిన్న చప్పుడుకు క్రొత్త బండి వచ్చునని ఆశపడరాదు. 2022లో హ్యుందాయ్ కంపెనీ వ్యవహారమున మరియొక తీర్పు వచ్చినది. ప్రమాదములో గాలిసంచులు తెరచుకొనలేదు. ఢీకొన్న వేగమెంత, బలమెంత యని లెక్కగట్టుటకు కొన్నవాడు భౌతికశాస్త్రజ్ఞుడు కానక్కరలేదని చెప్పి, బండి మార్చి యిమ్మన్న ఉత్తర్వును నిలిపిరి. 2024లో ఖరీదైన మెర్సిడెస్ కారు వ్యవహారమును వచ్చినది. కారులోపల మితిమీరి వేడెక్కుట లోపమేయని, కంపెనీ పేర కొన్నను డైరెక్టరు స్వంత వాడుకకైనచో అది వ్యాపార ప్రయోజనము కాదని తీర్పు చెప్పిరి.

ఈ చివరి సంగతి మన వర్తకులు చెవిని పెట్టవలెను. వ్యాపారముకొరకు కొన్న వస్తువునకు ఈ చట్టము వర్తింపదు. తన చేతికష్టముతో జీవనోపాధికై వాడుకొనువానికి మాత్రము మినహాయింపు కలదు. మనవారు పన్ను కలిసివచ్చునని ఇంటిబండిని కొట్టుపేర వ్రాయించుకొందురు. లోపము వచ్చి కమిషనుకు పోయినపుడు ఎదుటి లాయరు మొదట పట్టుకొనునది ఆ బిల్లునే. స్వంత వాడుకయని తరువాత ఋజువు చేసికొనవచ్చును గాని, ఆ తద్దినమేల తెచ్చుకొనవలెను? ఇంటిబండి ఇంటివారి పేరననే కొనుడు.

ఇంతవరకు సొమ్ము సంగతి. సొమ్మునకు మించినది ప్రాణము. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెమువద్ద ఖరీదైన బస్సు కల్వర్టును ఢీకొని మండిపోగా 45 మంది సజీవదహనమైరి. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరువద్ద హైదరాబాదునుండి బెంగుళూరు పోవు ప్రైవేటు బస్సు అగ్నికి ఆహుతియై సుమారు ఇరువదిమంది మరణించిరి. ఆ బస్సు కాగితములు 2025లోనే డామన్‌నుండి మన రాయగడకు మారినవనియు, కూర్చుండు సీట్లకు అనుమతి పొంది పడకల బస్సుగా నడచినదనియు పత్రికలు వ్రాసినవి. తప్పెవరిదో తేల్చవలసినవారు తేల్చుదురు గాక. కాని ఆ వార్తలో మన ఊరి పేరు చదివిననాడు మనకు నిద్ర పట్టినదా?

కారవాన్‌లో బస్సుకన్న కాలు వస్తువు లెక్కువ. ప్లైవుడ్డు గోడలు, పరదాలు, పరుపులు, వంటగ్యాసు, బ్యాటరీలు, కంటికి కనబడని తీగెలు అన్నియు ఒక్క చిన్నగదిలో నున్నవి. నీరు కురియుచోట తీగె లుండినచో అది తడి మాత్రమే కాదు. తలుపు లోపలినుండి తెరచుకొననిచో అది అసౌకర్యము మాత్రమే కాదు. ఇట్టి బండ్లకు మన దేశమున ఏఐఎస్-124 అను ప్రమాణము ఊరకయే పెట్టలేదు. ఆ ప్రకారము ఆమోదము పొందిన బండియా, లేక ఎక్కడనో షెడ్డులో ఇష్టమువచ్చినట్లు కోసి అతికినదా యని కొనకముందే అడుగుట మన పని. బిగుసుకొను తలుపును గూర్చి ఊరుకొను మని చెప్పిన పెద్దలు ఆ తలుపు లోపల తాము పడుకొని ఆలోచింపవలెను.

మన మౌనము మనకే కాదు, ఇతరులకును చేటు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, ఒక జాతి బండిలో ప్రమాదకరమైన లోపమున్నదని నిర్ణీత సంఖ్యలో యజమానులు తెలిపినచో ఆ జాతి బండ్లన్నింటిని వెనుకకు పిలిపించి బాగుచేయు మని ప్రభుత్వము ఉత్తరువు చేయవచ్చును. ఈ నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నవి. అనగా ఇక్కడ ఒక్కొక్క ఫిర్యాదు ఒక్కొక్క ఓటువంటిది. రాయగడలో ఒకడు, పర్లాకిమిడిలో ఒకడు, బరంపురములో ఒకడు నోరు మూసికొన్నచో లెక్క ఎన్నటికిని నిండదు. మన ఓటు వేయక ఊరుకొని ఎన్నిక సరిగా జరుగలేదని నిట్టూర్చుటవంటిదే ఇది.

మన పెద్దలు గూడుబండి కొనినపుడు ఇట్లుండలేదు. వడ్రంగికి బయానా యిచ్చి పోయెడివారు. బండి సిద్ధమైనపిదప ఇరుసు తట్టి చూచెడివారు, చక్రము త్రిప్పి ఊగుచున్నదేమో కనిపెట్టెడివారు, బరువెక్కించి ఊరిచుట్టు తోలించెడివారు. అప్పుడుగాని చివరి సొమ్ము చేతినుండి జారెడిది కాదు. చక్రము వంగినచో వడ్రంగి ఇంటికే వచ్చి సరిచేసెడివాడు. అది పేచీ యని ఆ ఊరిలో నెవ్వరును అనలేదు. చదువులేని ఆ తాతకున్న జాగ్రత్త, చేతిలో ఫోను గల మనుమనికి లేకపోవుట చింతింపదగినది. నేడు మనము బొమ్మచూచి బయానా, పూలదండ చూచి పూర్తి సొమ్ము చెల్లించుచున్నాము.

కావున చేయవలసినది యిది. కొనుటకు ముందు బాడీకి, కప్పునకు, తీగెలకు, ట్యాంకులకు వేర్వేరుగా ఎవరు ఎన్నాళ్ళు బాధ్యులో ఒక్క కాగితముమీద వ్రాయించి సంతకము పెట్టించుకొనుడు. డెలివరీనాడు ముహూర్తము మించిపోవునని తొందరపడకుడు. కప్పుమీద గొట్టముతో గంటసేపు నీరు కొట్టించి చూడుడు. ఒక రాత్రి దీపములు, పంకాలు వేసి బ్యాటరీని చూడుడు. ట్యాంకులు నింపి, మనుషులు కూర్చుండి ఘాటురోడ్డున నడిపించుడు. తలుపు లన్నియు లోపలినుండి తీసి చూడుడు. అప్పటివరకు సొమ్ములో కొంత చేతనుంచుకొనుడు. ముహూర్తము మరల వచ్చును, సొమ్ము రాదు.

లోపము కనబడినపిదప నోటిమాట చాలదు. బండిని షెడ్డులో విడిచిన ప్రతిసారియు జాబ్ కార్డు అడిగి తీసికొనుడు. అందు కురియుచున్నదని వ్రాయించుడు గాని, సాధారణ తనిఖీయని వ్రాయనీయకుడు. తేదీతో ఫోటోలు తీసి దాచుడు. అమ్మినవానికి, బాడీ కట్టినవానికి, ఛాసిస్ కంపెనీకి, ఏసీ కంపెనీకి నలుగురికిని ఒకే ఉత్తరము స్పీడు పోస్టులో పంపుడు. ఒకరిపై ఒకరు నెట్టుకొనువారిని ఒకే కాగితముమీద నిలబెట్టుటే ఉపాయము. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను నంబరునకు ఫోను చేయుడు. అక్కడితో తీరనిచో కమిషను. ఉత్తరములో తిట్లు వలదు, బెదిరింపులు వలదు. ఏది, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏమి కావలెను, అంతే. కోపముతో వ్రాసిన పది పుటలకన్న తేదీలతో వ్రాసిన ఒక్క పుట బలమైనది.

మనలోనే వాహనములు, విడిభాగములు, బాడీ పనులు వ్యాపారముగా గల సోదరులకు ఒక మాట. ఇది మీమీద దండయాత్ర కాదు. మంచి సరకు అమ్మువానికి ఫిర్యాదుల పుస్తకము భయము గాదు. మీకు కంపెనీ చెడ్డబండి పంపినచో మీరును మోసపోయినవారే. అప్పుడు కొన్నవాని ప్రక్కన నిలిచి కంపెనీతో పోరాడుడు, మేమును మీతో వత్తుము. కొన్నవాని కెదురుగా నిలిచినచో మాత్రము తెలుగువాడవని నిన్ను విడువలేము. సంఘము తెలుగువారి సంఘమే గాని, తెలుగువారి తప్పుల సంఘము కాదు.

సంఘముపక్షమున మేము చేయదలచినది మూడు పనులు. కార్యాలయమున ఒక పుస్తకము పెట్టుదుము. సభ్యులలో ఎవరైనను కొన్న వస్తువు చెడినచో అందు వ్రాయవచ్చును. బండియే కానక్కరలేదు, పంపుసెట్టైనను ఫ్రిజ్జైనను సరే. ఆదివారము ఉదయము ఇద్దరు చదువుకొన్న యువకులు కూర్చుండి, వచ్చినవారి కాగితములు చూచి, తెలుగున చెప్పినదానిని ఒడియాలోను ఇంగ్లీషులోను వ్రాసిపెట్టుదురు. దానికి రుసుము లేదు. మూడవది, రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము పెట్టుదుము. న్యాయముగా ఫిర్యాదు చేసిన సభ్యుని ఆ కారణముచేత నిందించుట సంఘమర్యాదకు విరుద్ధము అని. దీనిని వ్యతిరేకింపదలచిన పెద్దలు సభకు వచ్చి వాదింపుడు. వీధి అరుగులమీద కాదు.

ఆ సోదరులకు బహిరంగముగానే చెప్పుచున్నాము. మీకు ఇంకను ఏడాదికి పైగా గడువు కలదు. మీ బిల్లు మీ తల్లిగారి పేర నున్నది, మూడు జాబ్ కార్డులు మీచేత నున్నవి, ఫోటోలు కలవు. మీరు అడుగునది భిక్ష కాదు, చెల్లించినదానికి సరకు. పెద్దల మాట కాదన్న దోషము మీకు రాకుండ ఆ మాట మేమే కాదనుచున్నాము. వచ్చు ఆదివారము కాగితములతో రండు, ఉత్తరము వ్రాసి సోమవారము తపాలాలో వేయుదము. కార్తికములో పూరీ చల్లగా నుండును. అమ్మ తడియకుండ పోయిరావలెను.